ఆఖరి బాస్, ఒక్క ఊపిరి

ఆ ఏడాది మా గల్లీలో అన్నీ రెండో భాగాలే. కరోనా రెండో భాగం వచ్చింది. మొదటి భాగం చూసినవాళ్ళందరూ "ఇది దానికంటే పెద్దదట" అని కొత్త సినిమా గురించి చెప్పినట్టే చెప్పారు. మిరియాల కషాయం రెండో భాగం వచ్చింది. దుకాణాలు మూయించడం రెండో భాగం వచ్చింది. వీటి మధ్యలో, నేను ఏడాదిగా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసిన రెండో భాగం కూడా వచ్చింది. అది ఒక సూపర్ హీరో వీడియో గేమ్.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. సూరత్‌లో, డిండోలిలో, ఒక గది, ఒక వంటిల్లు, ఆ రెంటి మధ్యా మేము గౌరవంగా హాలు అని పిలుచుకునే నడవ ఉన్న ఇంట్లో అమ్మ, బాపు, నేను ఉండేవాళ్ళం. బట్టల మార్కెట్లో ఒక హోల్‌సేల్ వ్యాపారికి చీరల వీడియోలు చేసిపెట్టడం నా ఉద్యోగం. సేల్స్‌మన్ కెమెరా ముందు కొంగు ఊపుతూ అరుస్తాడు. ఆ అరుపు వెనకాల ఉన్న ఫ్యాన్ రొద, ఆటో హారన్లు, పక్క దుకాణం బేరాలు తీసేసి, అరుపు ఒక్కటే మిగిలేలా చేయడం నా విద్య. డిగ్రీ చదివింది ఇందుకే. మార్కెట్ మూతపడగానే అరుపులూ ఆగిపోయాయి, పని కోసం కొన్న కంప్యూటర్ పూర్తిగా గేముకు అంకితమైపోయింది.

"మింగ మెతుకు లేదు గని మీసాలకు సంపెంగ నూనె," అనేది అమ్మ, కూలికి ముందే తెచ్చిపెట్టుకున్న చీరలకు మెరుపు రాళ్ళు అంటించుకుంటూ. నాకు మీసాలు లేవన్న సంగతి ఆమెకు అనవసరం.

మాది కరీంనగర్ దిక్కు. బాపు ముప్పై ఏళ్ళుగా ఉధ్నాలో ఒక పవర్‌లూమ్ కార్ఖానాలో జాబర్, అంటే మొరాయించిన మగ్గాలను దారికి తెచ్చే మనిషి. అది పగటి వేషం. అసలు వేషం ఏడాదికొకసారి వస్తుంది. దసరా వెళ్ళాక ఇక్కడి మన తెలుగువాళ్ళంతా కలిసి డిండోలి మైదానంలో బాగోతం ఆడతారు. అందులో రాక్షసరాజు వేషం బాపుది. ఇరవై ఏళ్ళలో ఆ వేషం ఇంకొకరికి దక్కలేదు. తెర తీయగానే రాక్షసుడు తన బిరుదులు, గెలిచిన లోకాలు, చెరసాలలో పెట్టిన దేవతల జాబితా ఏకరువు పెడతాడు. మా మేళంలో కట్టుబాటు ఏమిటంటే అదంతా ఒక్క ఊపిరిలో చెప్పాలి. మధ్యలో గాలి పీల్చుకున్నవాడికి మరుసటి ఏడు ద్వారపాలకుడి వేషం. బాపు నలభై సెకన్లు ఊపిరి తీయకుండా చెప్పేవాడు, ఆ తర్వాత అదీ చాలదన్నట్టు నవ్వేవాడు. ముప్పై ఏళ్ళు మగ్గాల మోత మీద కేకలేసిన గొంతు అది.

అలాంటి మనిషి నా పక్కన చాయ్ గ్లాసుతో కూర్చుని గేములో విలన్‌ను మొదటిసారి చూశాడు. విలన్ మసక చీకట్లో, వర్షంలో, వెనక్కి తిరిగి నిలబడి, గొంతు తగ్గించి గొణిగాడు.

"వీడేనా రాక్షసుడు?" అన్నాడు బాపు.

"అవును బాపు."

"సర్ది చేసినట్టున్నది పాపం. తెర లేదు, దరువు లేదు, పేరు సుత చెప్పుకోలే. గిట్ల వస్తే మందికెట్ల ఎర్కైతది వీడు ఎవ్వడో?"

కథాకథనమంటే ఇప్పుడిలాగే ఉంటుందని, విలన్ లోతైన మనిషని, అతని మౌనంలో అర్థముందని నేను వివరించాను. నేను చదివిన సమీక్షల్లో అలాగే ఉంది. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, గొంతు లేక లోతు అంటున్నరు," అని బాపు చాయ్ తాగేశాడు.

కథ మాత్రం ఆయనకు నచ్చింది. మొదటి భాగం చివరలో హీరో ఒక యంత్రభూతంతో నది మీద కొట్లాడతాడు. ఆ కొట్లాటలో వంతెన మొత్తం కూలుతుంది. కూల్చింది నేనే. నిరుటి లాక్‌డౌన్‌లో, ఈ కుర్చీలోనే కూర్చుని, బటన్లు అరిగేలా నొక్కి కూల్చాను. గేము నన్ను తిట్టలేదు సరికదా, పాయింట్లు ఇచ్చింది. రెండో భాగంలో తెలిసేదేమిటంటే, ఆ వంతెన కింద ఒక వెల్డింగ్ దుకాణం ఉంది. దుకాణదారు బతికాడు, అతని కూతురు బతకలేదు. ఆ దుకాణదారే ఈసారి విలన్. అంటే ఊరిని కాపాడడానికని నేనే ఒక విలన్‌ను తయారుచేసి, ఇప్పుడు వాణ్ణి చంపడానికి మళ్ళీ డబ్బు పెట్టి గేము కొన్నాను. గేములు చేసేవాళ్ళ తెలివికి దండం పెట్టాలి.

"గిది కథ," అన్నాడు బాపు మొదటిసారి ముందుకు జరిగి. "బిడ్డ పోయినోడు. వాడు రాక్షసుడు గాకుంటే ఇంకేమైతడు?"

అప్పట్నుంచి ఆయన విలన్ పక్షం. నేను చిన్నాచితకా అనుచరుల్ని కొట్టేటప్పుడు పట్టించుకునేవాడు కాదు. విలన్ తెర మీదికొస్తే మాత్రం అమ్మను ఫోన్ మాట్లాడనిచ్చేవాడు కాదు. బాస్ ఫైట్లు ఎలా నడుస్తాయో కూడా నేర్చుకున్నాడు. బాస్ ఎవరైనా మూడు దశలు ఉంటాయి. మొదటి దశలో వాడు మాట్లాడతాడు, రెండో దశలో కవచం విరుగుతుంది, మూడో దశలో కోపం పెరిగి మొదట్లోనే చేయాల్సిన పనులన్నీ చేస్తాడు. తెర పైన వాడి ప్రాణం ఒక ఎర్ర గీతలా కనిపిస్తుంటుంది. కొట్టిన కొద్దీ అది తగ్గుతుంది. ఎంత మిగిలిందో అందరికీ తెలుస్తుంది, కొట్టేవాడికీ, చచ్చేవాడికీ. ఇంత మర్యాద ఆ ఏడాది బయట ఎక్కడా దొరకలేదు.

నేను ఆఖరి బాస్ దగ్గరికి చేరిన రోజే బాపుకు జ్వరం వచ్చింది.

పరీక్షలో కరోనా ఉందని తేలింది. ఫోన్‌లో డాక్టరు మందులు చెప్పి, మనిషిని వేరే గదిలో ఉంచమని, వేలికి పెట్టుకునే ఆక్సిమీటరుతో రోజూ చూసుకోమని, తగ్గితే వెంటనే ఆసుపత్రికి తీసుకురమ్మని చెప్పాడు. ఆక్సిమీటరు కోసం డిండోలి నుంచి ఉధ్నా దాకా మందుల షాపులన్నీ తిరిగాను. ప్రతి షాపువాడూ అది ఏదో పురాణకాలపు వస్తువన్నట్టు నా వైపు జాలిగా చూశాడు. ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మానికి కొత్త నిమ్మకాయ, మిరపకాయలు కట్టి ఉంచింది. "వైరస్‌కు మిరపకాయంటే పడదా అమ్మా?" అని అడిగాను. ఆ మాటకు అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఉపాయం బాపుదే. లోపలి గది తలుపు వెనక నుంచి చెప్పాడు. "ఆ డబ్బా ఏం చెప్తది నా ఊపిరి గురించి? నా గొంతే చెప్తది. పొద్దున, మాపు నా బిరుదులు చెప్త. ఒక్క ఊపిరిల అయితే మంచిగున్నట్టు. మధ్యల ఆగిన్ననుకో, అప్పుడు దవాఖాన."

అమ్మ ఒప్పుకుంది. ఇరవై ఏళ్ళుగా ఆ బిరుదులు విన్న మనిషి, ఆమెకు అంతకంటే నమ్మకమైన యంత్రం లేదు. నేను కూడా ఒప్పుకున్నాను. అంతటితో ఆగితే చదువుకున్నదాన్ని ఎందుకవుతాను? నేను ఫోన్‌లో టైమర్ పెట్టాను.

మొదటి రోజు నలభై సెకన్లు. రెండో రోజు నలభై ఒకటి. మూడో రోజు నుంచి బాపు వేషం పెట్టెలోని గజ్జెలు తీసి, చేత్తో ఊపుతూ చెప్పడం మొదలుపెట్టాడు. ఊపు కోసమన్నాడు. గది లోపల గజ్జెలు ఘల్లుమంటుంటే, లోకాలన్నీ మళ్ళీ జయిస్తుంటే, తలుపివతల అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. నాలుగో రోజు నలభై అయిదు. అయిదో రోజు నలభై ఎనిమిది. ఎక్కువసేపు చెబుతున్నాడంటే ఊపిరి పెరిగిందన్నమాట. ఇది నా లెక్క. అమ్మ పక్కింటివాళ్ళకు గర్వంగా చెప్పింది కూడా.

దానికి బదులుగా బాపుకు రోజూ కథ కావాలి. పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టి, స్టూలు వేసుకుని, తలుపుకు ఆనుకుని, ఆ రోజు గేములో ఏమైందో చెప్పేదాన్ని.

"ఇయ్యాల ఏమైంది బిడ్డా?"

"విలనే గెలిచిండు బాపు."

"నిన్న సుత వాడే గెలిచిండు గదా?"

"మస్తు బలమున్నది వానికి."

అది అబద్ధం కాదు, నిజం అంతకంటే కాదు. బాస్‌ను మూడో దశ దాకా తీసుకెళ్ళేదాన్ని. ఎర్ర గీత గోరంత మిగిలేది. అక్కడ నేను చేతులు కట్టుకుని కూర్చునేదాన్ని. కూతురు పోయిన ఆ వెల్డింగ్ మనిషి వచ్చి, నేను బటన్ మీద వేలు కూడా పెట్టక కదలకుండా నిలబడ్డ నా హీరోను చితక్కొట్టి వెళ్ళిపోయేవాడు. మళ్ళీ మొదటి నుంచి. రోజుకొకసారి నియమంగా ఓడిపోయాను. బాపు ఆ గదిలో ఉండగా, బాపు వెనకేసుకొచ్చే మనిషిని నా చేత్తో చంపడం నా వల్ల కాలేదు. చంపితే ఏదో అవుతుందని భయం. గుమ్మానికి కట్టిన మిరపకాయల కింద కూర్చుని, మూఢనమ్మకాల మీద అమ్మకు పాఠం చెప్పిన మనిషిని నేను. అమ్మది కనీసం నిమ్మకాయతో పోయింది.

ఆరో రోజు మధ్యాహ్నం నాకొక సరదా పుట్టింది. విలన్‌కు ప్రవేశం లేదని బాపు బాధ కదా, ఆయన బిరుదుల్నే విలన్ గొంతుకు అతికించి, కోలుకున్నాక చూపిద్దామనుకున్నాను. రోజూ టైమర్‌తోపాటు రికార్డు కూడా చేస్తున్నాను. కంప్యూటర్‌లో ఎక్కించాను. మొదటి రోజు గొంతు గీత తెర మీద ఒకే గుట్టలా, ఎక్కడా తెగకుండా ఉంది. దాని పక్కనే ఆరో రోజు పొద్దున చెప్పింది పెట్టాను, అదీ నలభై ఎనిమిదే. దాని నిండా గజ్జెల మోత. విలన్‌కు గజ్జెలెందుకని, చీరల వీడియోల్లో ఫ్యాన్ రొద తీసేసినట్టే, గజ్జెల చప్పుడొక్కటీ పట్టుకుని తీసేశాను.

గజ్జెలు పోయినచోట ఊపిరి వినిపించింది. ఎగబీల్చే ఊపిరి. బిరుదుల చివర రెండు, లోకాల మధ్యన రెండు, దేవతల దగ్గర మూడు. మొత్తం ఏడు. ఘల్లుమన్న ప్రతిచోటా దాని కింద ఒక దొంగ ఊపిరి ఉంది. నలభై సెకన్లది నలభై ఎనిమిది అయింది బలంతో కాదు, ఆగి ఆగి చెప్పడంతో. ముందు రోజులవి కూడా విన్నాను. మూడో రోజు రెండు ఉన్నాయి.

నేను హెడ్‌ఫోన్ విసిరేసి తలుపు తీశాను. "ముట్టకు, దూరముండు," అంటున్నాడు బాపు. ఆ రెండు మాటల మధ్య కూడా ఆగాడు. పెదవులు నేరేడు పండు తిన్నట్టున్నాయి. గజ్జెలు ఇంకా ఆయన చేతిలోనే ఉన్నాయి.

అంబులెన్సు రాలేదు. గల్లీ చివర ఆటో నడిపే మరాఠీ ఆయన ముక్కుకు రుమాలు కట్టుకుని వచ్చాడు. రెండు ఆసుపత్రులు గేటు దగ్గరే చేతులు ఊపాయి. ఒక పెళ్ళిళ్ళ హాలును ఆసుపత్రిగా మార్చినచోట మంచం దొరికింది. గోడల మీద ఎవరి పెళ్ళికో కట్టిన కాగితం పూలు ఇంకా ఉన్నాయి. వేలికి ఆక్సిమీటరు పెట్టారు. అయిదు రోజులుగా నేను వెతికిన పురాణవస్తువును అప్పుడు చూశాను. అది ఎనభై రెండు చూపించింది.

డాక్టరమ్మ బాపుకు మాస్కు బిగిస్తూ, నా వైపు తిరక్కుండానే గుజరాతీలో అడిగింది. "ఆట్లా దివస్ షూ కరతా హతా?" ఇన్ని రోజులూ ఏం చేస్తున్నారని.

ఏం చెప్పను? బాగోతం ఆడుతున్నామని చెప్పాలి. నిజానికి అదే చేశాం. ముగ్గురం, తలుపుకు అటూ ఇటూ కూర్చుని. నేను డిగ్రీ చదివాను, నా చేతిలో టైమర్ ఉంది, నా తండ్రి ఊపిరి తగ్గుతుంటే నేను పెరుగుతోందని లెక్క వేశాను. డాక్టరమ్మ జవాబు కోసం చూడకుండా పక్క మంచానికి వెళ్ళిపోయింది. నేను పెళ్ళికూతురు కూర్చునే వేదిక అంచున కూర్చుని ఏడ్చాను.  

పద్నాలుగు రోజులు. లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. రోజుకొకసారి సిబ్బందిలో ఒకరు గేటు దగ్గరికొచ్చి పేరు పిలిచి ఒక అంకె చెప్పేవారు. ఎనభై నాలుగు. ఎనభై మూడు. ఎనభై ఎనిమిది. ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ రోజు ఓటమి ఆ రోజు ఓడి, పడుకునేదాన్ని. ఇది మొక్కు కాదని నాకు నేను చెప్పుకున్నాను. ఒక్క రోజు కూడా తప్పలేదని కూడా చెప్పుకున్నాను.

ఆయన ఇంటికొచ్చాడు. పది కిలోలు తగ్గి, చొక్కా హ్యాంగర్‌కు వేసినట్టు వేలాడుతూ వచ్చాడు. గల్లీ వాళ్ళు కిటికీల్లోంచి చూశారు. మొదటి వారమంతా స్నానాల గదికి వెళ్ళొస్తే అరగంట మాట్లాడలేకపోయేవాడు. మేళం పెద్ద ఫోన్ చేసి, ఈ ఏడు ఆట లేకపోయినా వచ్చే ఏడు వేషం నీదేనన్నాడు. బాపు ఊఁ అని పెట్టేశాడు. ఆ ఊఁ కూడా సగంలో తెగింది. ద్వారపాలకుడి వేషానికి కూడా ఇంకొంచెం ఊపిరి కావాలని మా ముగ్గురికీ తెలుసు.

రెండో వారంలో ఒక సాయంత్రం, కుర్చీ ఈడ్చుకుని నా పక్కన కూర్చున్నాడు.

"వాడేమయ్యిండు?"

"ఎవరు?"

"బిడ్డ పోయినోడు."

"ఉన్నడు బాపు. ఇంక బతికే ఉన్నడు."

"ఇన్ని దినాలా?" కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నీకు రాకనా, కొట్టకనా?"

అబద్ధం చెప్పే ఓపిక నాకూ లేకపోయింది. "కొట్టకనే. వాణ్ణి చంపితే నీకేమన్న అయితదని భయమైంది," అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నాకు కోపమొచ్చింది, మూడు వారాలకు పైగా మింగుతున్న కోపం.

"నువ్వెందుకు చేసినవ్ బాపు అట్ల? గజ్జెలెందుకు కొట్టినవ్? మాకు తెల్వకుండ ఊపిరి దొంగతనం చేసుడేంది? ఇంకొక్క దినమైతే..."

"ఆగిన్నంటే తోల్కపోతరు," అన్నాడు. ఒక్కో మాటా విడిగా, దాచకుండా ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. "మా కార్ఖానల ముగ్గురు పోయిన్రు దవాఖానకు. ఒక్కడు రాలే. ఈడైతే... తలుపవతల నువ్వు కూసోని కథ చెప్తుంటివి. ఆడికి పోతే... నీ గొంతు ఇనరాదు గదా బిడ్డా."

అమ్మ వంటింట్లో గిన్నె ఏదో గట్టిగా పెట్టింది. 

"ఇగ ముగియ్యి వాని కథ," అన్నాడు బాపు. "పాపం ఎన్ని దినాలు నిలవెడ్తవ్ వాణ్ణి? గెలిచి గెలిచి యాష్టకొచ్చుంటది."

మొదలుపెట్టాను. మొదటి దశ, వాడు గొణిగాడు. బాపు ఎప్పటిలా చెయ్యి విసిరాడు. రెండో దశ, కవచం పగిలింది. మూడో దశ వచ్చింది. ఎర్ర గీత తగ్గుతూ తగ్గుతూ గోరంత మిగిలింది. వెల్డింగ్ మనిషి ఒక మోకాలి మీదికి వాలి తలెత్తి చూశాడు. ఇన్ని రోజులూ నేను చేతులు కట్టుకున్నది ఇక్కడే. ఇప్పుడూ వేలు కదల్లేదు.

"కొట్టు," అన్నాడు బాపు.

"నాతోని గాదు బాపు."

ఆయన చెయ్యి నా భుజం మీద పెట్టాడు. బరువు లేదు ఆ చేతికి.

"కొట్టు బిడ్డా. వాడు వేరు, నేను వేరు. నేనీడనే ఉన్న గదా."

కొట్టాను.